అమెరికా పిల్లోళ్లను ఇల్లిల్లూ తిప్పొద్దు

డిసెంబర్ వచ్చిందంటే కడప, అనంతపురం, కర్నూలు ఊర్లలో ఇదే వరస. కొడుకో కూతురో పిల్లలతో అమెరికా నుంచి దిగుతారు. మర్నాటి నుంచే కారు మాట్లాడుకుని పెద్దమ్మోళ్లిల్లు, మేనత్తోళ్లిల్లు, చిన్నాయన వియ్యంకులిల్లు అని చుట్టడం మొదలు. ప్రతి ఇంట్లోనూ పిల్లల్ని సోఫాలో వరసగా కూర్చోబెట్టి, కూల్‌డ్రింకు చేతికిచ్చి, "తెలుగొస్తుందా నాయనా?" అని అడుగుతారు. పిల్లోడు అమ్మ మొహం చూస్తాడు. అందరూ నవ్వుతారు. ఇంక లేయండి, ఇంకో ఇంటికి పోవాల. దీన్ని చుట్టరికం అనడానికి నాకు నోరు రావడం లేదు, హాజరు వేయించుకోవడం అంటే సరిపోతుంది.

లెక్కేసి చూడండి. మూడు వారాల సెలవులో రానూపోనూ 3 రోజులు పోతాయి. చలికాలంలో న్యూయార్క్‌కూ మనకూ పదిన్నర గంటల తేడా, కాలిఫోర్నియాకైతే పదమూడున్నర. ఒళ్లు ఆ తేడాను రోజుకు గంటో గంటన్నరో మాత్రమే సర్దుకుంటుంది. మధ్యాహ్నం మూడుకు పిల్లలు నిద్రకు తూలుతుంటారు, రాత్రి రెండుకు లేచి ఆకలంటారు. సరిగ్గా ఆ మధ్యాహ్నమే మనం వాళ్లను భోజనానికి తీసుకుపోతాం. "కాఫీకే వస్తాం" అని ఎంత చెప్పినా అక్కడ కోడి కోసేసి ఉంటారు. తినకపోతే వాళ్లకు బాధ, తింటే పిల్లలకు కడుపునొప్పి. మొదటి 4 రోజులు ఎవరింటికీ పోమని ముందే ఫోన్లో చెప్పేయండి. మాట వస్తే రానీండి.

ఆ తర్వాత చేయాల్సింది ఒకటే. అవ్వాతాతలుండే ఇంటినే మకాం చేసుకుని, ఒక ఆదివారం చుట్టాలందర్నీ అక్కడికే పిలవండి. 60 మందికి మిద్దె మీద షామియానా, కుర్చీలు, వంటపాత్రలు సప్లయర్స్ వాళ్లే తెస్తారు. కిలో బియ్యం ఎనిమిది మందికి, కిలో మటన్ ఐదుగురికి అనుకుంటే ఎనిమిది కిలోల బియ్యం, పన్నెండు కిలోల మటన్. సంగటి ఉంటే బియ్యం ఇంకా తగ్గుతుంది. ఇరవై ఇళ్లకు పెట్టే కారు బాడుగ, స్వీట్ల ఖర్చుతో పోల్చి చూస్తే ఇదేం ఎక్కువ కాదు.

మంచం దిగలేని పెద్దవాళ్ల ఇంటికి మాత్రం మనమే పోవాల. కిందటిసారి వచ్చిపోయినాక చావు జరిగిన ఇల్లుంటే దానికి వేరే రోజు పెట్టుకోవాల. పలకరింపుకు పోయిన కాళ్లతో ఇంకో ఇంటి గడప తొక్కితే ఒప్పుకోరు, మంగళ శుక్రవారాలు పనికిరావంటారు. చాలామంది ప్లాన్ చెడేది ఇక్కడే. ఒకే రూట్లో ఉన్నాయని ఆ ఇంటినీ పెళ్లికూతురింటినీ ఒకే పూటకు పెట్టుకుంటారు.

మిగిలిన రోజుల్లో, పిల్లల ఈడు పిల్లలుండే మూడిళ్లను ఎంచుకుని ఒక్కో ఇంట్లో రెండు రాత్రులు ఉండండి. మొదటి రోజు పిల్లలు ఒకరినొకరు చూసుకుంటారంతే. రెండో రోజు ఆట కుదురుతుంది. వాళ్లకేదైనా పని చెప్పండి: చెనిక్కాయలు ఒలవడం, గుంత పొంగణాలు తిప్పడం, ఎనుములకు నీళ్లు పెట్టడం. తెలుగొచ్చునా అని పదిమందిలో పరీక్ష పెడితే వచ్చిన నాలుగు మాటలూ లోపలికి పోతాయి. బయల్దేరే ముందే ఫోటోలు చూపించి ఎవరు అత్త, ఎవరు పిన్ని, ఎవరు జేజి అని నేర్పిస్తే చాలు. వరస పెట్టి పిలిస్తేనే పెద్దవాళ్లు సగం కరిగిపోతారు.

ఆరోగ్యం సంగతి ఎవరూ పట్టించుకోరు. సొంతూరే కదా అని ధైర్యం. సొంతూరికి చుట్టపుచూపుగా వచ్చేవాళ్లకే టైఫాయిడ్ లాంటివి టూరిస్టుల కంటే ఎక్కువగా వస్తాయని ప్రయాణాల డాక్టర్లు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. టూరిస్టు భయపడి ముందే సూది వేయించుకుంటాడు, మనం వేయించుకోం. టైఫాయిడ్ ఇంజక్షన్ కనీసం 2 వారాల ముందు పడాల. మన ఊర్లో ఇరవై ఏళ్లు పెరిగిన తల్లిదండ్రులకూ అది అవసరమే.

నీళ్ల విషయంలో అందరూ క్యాన్ నీళ్లు చూసుకుంటారు. దెబ్బ పడేది వేరే చోట: మజ్జిగలో కలిపిన కొళాయి నీళ్లు, చెరకురసంలో ఐసు, తడి గ్లాసు. భేదులు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాల. పెద్ద ప్యాకెట్టయితే పూర్తిగా లీటరుకు. గ్లాసెడు నీళ్లలో మొత్తం పోసి తాపితే ఉప్పు ఎక్కువై పిల్లలకు ప్రమాదం. డబ్బాల్లో అమ్మే తియ్యటి పళ్లరసాలు ఓఆర్‌ఎస్ కావు. ఆ పేరు పెట్టుకుని అమ్మొద్దని 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఆదేశమిచ్చింది కూడా. కుక్క గీరినా సరే, సబ్బుతో ధారగా 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి పోవాల. పసుపు, సున్నం పూసి కూర్చోకూడదు.

ప్రయాణం గురించి రెండు మాటలు. అనంతపురమోళ్లకు బెంగళూరు, కర్నూలోళ్లకు శంషాబాద్, రెండూ 44వ నంబరు హైవే దారే. కడపోళ్లకు బెంగళూరైనా చెన్నై అయినా దగ్గరదగ్గర ఒకటే దూరం. అర్ధరాత్రి విమానం దిగి అప్పుడే కారెక్కడం తెలివితక్కువ పని. మీరు నిద్రపోతారు, మీకోసం సాయంత్రం నుంచి కాచుకున్న డ్రైవరుకూ కన్ను మూతపడుతుంది. తెల్లారేదాకా అక్కడే రూములో పడుకోండి. ఇండియా లోపల తిరిగే విమానానికి వేరే టికెట్ తీసుకుంటే మామూలుగా 15 కిలోలే ఉచితం, మీ దగ్గరేమో ఒక్కొక్కటి 23 కిలోల పెట్టెలు.

పిల్లల ఓసీఐ కార్డు (వేరే దేశ పౌరులైన మనవాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు) కూడా చూసుకోండి. అమెరికాలో 16 ఏళ్లలోపు పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లే. కొత్తది వచ్చినప్పుడల్లా దాని కాపీ, కొత్త ఫోటో ఓసీఐ వెబ్‌సైట్‌లో ఎక్కించాల. అది మరిచిపోయి చెకిన్ కౌంటర్ దగ్గర వాదన పెట్టుకునేవాళ్లు ఎక్కువ.

చివరిగా, భూమి పని. పిల్లల్ని జేజి దగ్గర వదిలి నాయన రోజూ పాస్‌బుక్ కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగడం ప్రతి ఇంట్లో చూస్తున్నదే. ఓసీఐ ఉన్నోళ్లు పొలం కొనకూడదు గానీ వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు, కాబట్టి ఆ పని ఎలాగూ తప్పదు. కానీ అది మూడు వారాల్లో తెమిలేది కాదు. నమ్మకమైన మనిషి ఉంటే మీ తరఫున ఆ పని చేసే అధికారమిస్తూ కాన్సులేట్‌లో ధృవీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపండి, అది ఇండియాకు చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాల. నమ్మకం లేకపోతే ఆ పనికని ఇంకోసారి ఒక్కరే రండి.