బాపు రికార్డు ప్లేయర్ అమెరికా రాదు

బతుకమ్మ సంబరాల్లో పాత వస్తువుల స్టాల్ పెడుతున్నాం, ఇంట్లో ఉన్నవి తెండి అని మన సంఘం వాళ్లు అడుగుతున్నారు. నా దగ్గర పాత రికార్డు ప్లేయర్ ఉందని ఎవరో చెప్పినట్టున్నారు, ఇప్పటికి మూడు ఫోన్లు వచ్చాయి. ఉన్న మాట నిజమే. కానీ అది హన్మకొండలో ఉంది, అక్కడే ఉంటుంది. ఎందుకు తేనో ఫోన్‌లో చెప్పబోతే అవతలివాళ్లకు విసుగొస్తోంది, అందుకే రాస్తున్నా.

పోయిన వేసవిలో అమ్మకు కంటి ఆపరేషన్ అయితే నెలరోజులు అక్కడే ఉన్నాను. ఖాళీగా కూర్చోలేక ఇంటికి సున్నాలు వేయిద్దామని సజ్జ మీది సామాను దింపిస్తుంటే పాత జంపఖానాలో చుట్టి కనిపించింది. మూత మీద కుక్క బొమ్మ సగం చెరిగిపోయింది, స్పీకర్ కాగితం ఎలుకలు కొట్టేశాయి. మా బాపు, అంటే మా నాన్న, కాజీపేట రైల్వేలో పనిచేసేవాడు. 1974లో హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో దీన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొని, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడట. ఆ నెల కిరాణా ఉద్దెర పెట్టాల్సి వచ్చిందని అమ్మ ఇప్పటికీ కోపంగానే చెప్తుంది. మా ఇంట్లో ముల్లు పెట్టడం బాపు పని, ప్లేటు తుడవడం అక్క పని, కదలకుండా కూర్చోవడం నా పని, ఎందుకంటే నేను గచ్చు మీద ఒక్క గంతు వేస్తే ముల్లు దుంకి పాట సగానికి పోయేది.

ప్లగ్గు పెడితే గుయ్యిమని ఒక మూలుగు తప్ప పళ్లెం తిరగలేదు. హైదరాబాద్‌లో ఒక దుకాణానికి ఫొటోలు పంపితే వాళ్లు చెప్పిన ఉపాయం ఏమిటంటే, లోపలిదంతా పీకేసి బ్లూటూత్ స్పీకర్ పెడతారట, పైన పళ్లెం ఊరికే తిరుగుతుందట, చూసినవాళ్లకు తేడా తెలియదట. చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కి ఆవు ముందు నిలబెట్టడం కాక ఇది ఇంకేమిటి?

చివరికి మా చౌరస్తా వెనక సందులో ఒక ముసలి రేడియో మెకానిక్ దొరికాడు, అందరూ చాచా అంటారు. విప్పి, ఇరుసును వేళ్లతో ఒకసారి తిప్పి చూసి, "మోటర్ మంచిగనే ఉన్నది బిడ్డా, గ్రీజు గడ్డకట్టింది" అన్నాడు. కిరోసిన్‌తో కడిగి కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు వేస్తే తిరిగింది. మోటర్‌కూ పళ్లానికీ మధ్య ఒక చిన్న రబ్బరు చక్రం ఉంటుంది, ఏళ్ల తరబడి ఒకేచోట నొక్కుకుని ఉండి దానికి సొట్ట పడింది, తిరిగినప్పుడల్లా దడ్ దడ్ అని చప్పుడు. దాన్ని ఎమరీ పేపర్‌తో రుద్ది గుండ్రం చేశాడు. ముల్లును పట్టుకునే కార్ట్రిడ్జ్ మాత్రం పనికిరాదన్నాడు. పాతవాటిలో కొన్నిటికి ఒకరకం ఉప్పు స్ఫటికం ఉండేది, మాదీ అదే, తేమకూ ఎండకూ అది నిలవదు. మా సజ్జ మీద మే నెల ఎలా ఉంటుందో వరంగల్ వాళ్లకు చెప్పక్కర్లేదు. సిరామిక్‌ది తెప్పించి వేశాడు, ఒకవైపు 78కి, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం ప్లేటుకు, లావు ముల్లు, తిప్పితే ఎల్పీకి, అంటే నిదానంగా 33 చుట్లు తిరిగేదానికి, సన్న ముల్లు. స్పీకర్ కూడా మార్చాడు. పెట్టెకు రంగు వేయనా అన్నాడు, వద్దన్నాను.

ఇక్కడ నా ఘనకార్యం కూడా చెప్పాలి. ఎల్పీలను స్పిరిట్‌తో తుడిస్తే మెరుస్తున్నాయి కదాని అదే దూదితో బాపు పద్యాల ప్లేటు, పాత 78, తుడిచాను. దూది నల్లగా వచ్చింది, దుమ్మనుకుని ఇంకా రుద్దాను. వచ్చింది దుమ్ము కాదు, ప్లేటే. ఆ పాత 78లు లక్కతో చేసినవి, గాజులకు వాడే లక్కే, వడ్రంగులు తలుపుల పాలిష్‌కు స్పిరిట్‌లో కరిగించేదీ అదే. ఒకవైపు ఇప్పుడు గరగర తప్ప ఏమీ లేదు. అమ్మకు ఇంకా చెప్పలేదు, ఈ పత్రిక అక్కడికి పోదనే ధైర్యం.

ఇక ఎందుకు తేనో చెప్తాను. ఇది బ్యాటరీది కాదు, కరెంటుది. దీని మోటర్ వేగం కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందన్న దాన్నిబట్టి ఉంటుంది. మన దగ్గర 50 సార్లు, ఇక్కడ అమెరికాలో 60. ట్రాన్స్‌ఫార్మర్ కొంటే వోల్టేజీ 230కి పెరుగుతుంది గానీ ఆ 60 అలాగే ఉంటుంది. నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన ఎల్పీ 40 తిరుగుతుంది, పాట మూడు స్వరస్థానాలు పైకెక్కి కూర్చుంటుంది. మోటర్ ఇరుసు మీది పుల్లీ తీసి సన్నది వేస్తే సరిపోతుంది కదా అని మన ఇంజనీర్ మిత్రుడొకాయన అన్నాడు. సరిపోతుంది. కానీ తెచ్చాక ఏం చేస్తాం? స్టాల్‌లో రెండు గంటలు పెడతాం, పిల్లలు సెల్ఫీ దిగుతారు, తర్వాత గరాజ్‌లోకి పోతుంది. నేను ఎవరినో అనట్లేదు. లగేజీ బరువు లెక్క చూసుకుని మరీ తెచ్చిన మా ఇత్తడి బిందెలో ఈ రోజు గొడుగులు ఉన్నాయి. హన్మకొండలోనైతే అమ్మ పొద్దున చాయ్ తాగుతూ రోజూ ఒక ప్లేటు వేస్తోంది, ఆపరేషన్ అయిన కన్నుతో ముల్లు సరిగ్గా అంచు మీద దించుతోంది.

స్టాల్‌కు తేవాలనుకునేవాళ్లు ఫొటో తెండి చాలు. వస్తువును ఈసారి ఊరెళ్లినప్పుడు ఒక చాచా దగ్గరికి తీసుకెళ్లండి. మా చాచా పక్కన పని నేర్చుకునే పిల్లగాడు ఒక్కడూ లేడు, అతని కొడుకు సెల్‌ఫోన్ షాపు పెట్టుకున్నాడు.

వచ్చే ముందు రోజు రాత్రి వేగం సరిచూద్దామని కాగితం మీద గుండ్రంగా 180 గీతలు ప్రింట్ తీసి పళ్లెం మీద పెట్టాను. మన కరెంటు మీద ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది, సరిగ్గా 33 వేగంలో తిరుగుతుంటే ఆ వెలుతురులో గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపించాలి. ఎల్ఈడీ బల్బులన్నీ ఆర్పేసి వంటింట్లో పాత చోక్ ట్యూబ్‌లైటు కింద పెట్టాం. నిలబడలేదు, గీతలు నిదానంగా వెనక్కి జరుగుతున్నాయి. కొంచెం స్లో ఉందమ్మా, పొద్దున చాచాకు చూపిస్తానన్నాను.

"ఏం చూపియ్యకు," అంది అమ్మ, "మీ బాపు ఉన్నప్పుడు గూడ గిట్లనే పాడేది."