సవరణ: కొత్త బ్రాంచికి ఎన్‌బీఏ లేదన్న మాట

రాష్ట్ర యూనివర్సిటీల్లో కొత్తగా పెట్టిన ఏఐ బీటెక్‌లకు ఎన్‌బీఏ (సాంకేతిక కోర్సుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు లేదు కాబట్టి వాటికి విలువ లేదని మొన్న రాశాను. అది తప్పు. ఎన్‌బీఏకి వెళ్లాలంటే మామూలుగా ఆ కోర్సులో కనీసం రెండు బ్యాచ్‌లు చదువు పూర్తి చేయాలి. 2022లో మొదలైన బ్రాంచికి 2027 దాకా ఆ అవకాశమే రాదు.

కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్‌నీ ఎన్‌బీఏతో కలిపేశాను. న్యాక్ చూసేది మొత్తం సంస్థను, ఎన్‌బీఏ చూసేది ఒక్కో కోర్సును. యూనివర్సిటీకి న్యాక్‌లో ఏ ప్లస్ గ్రేడు వచ్చినంత మాత్రాన కొత్త బ్రాంచి బాగున్నట్టు కాదు. కౌన్సెలింగ్ టెన్షన్‌లో ఉన్నవాళ్లు రెగ్యులర్ అధ్యాపకులు ఎంతమందో, ల్యాబులు నిజంగా నడుస్తున్నాయో వెళ్లి కనుక్కోండి.

కొత్త బ్రాంచీల ప్లేస్‌మెంట్ల లెక్కలు నమ్మొద్దన్న మాట మాత్రం మార్చను. మొదటి బ్యాచ్ బయటికి రాకముందే ప్యాకేజీల లెక్కలంటే ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.