ఉపకార వేతనాల జాబితాలో అప్రెంటిస్‌కు చోటు ఇవ్వాలి

గడచిన సంక్రాంతి సెలవుల్లో అంబాజీపేట దగ్గరి ఒక ఉన్నత పాఠశాల ఆవరణలో, ఇంగ్లండులో ఉంటున్న మన తెలుగువారి సంఘం జరిపిన ఉపకార వేతనాల సభ వివరాలు గత సంచికలో ఫొటోలతో సహా వచ్చాయి. దాతల పేర్లు, ముఖ్య అతిథి ప్రసంగం, విద్యార్థుల జాబితా అన్నీ ఉన్నాయి. అందులో రాని సంగతి ఒకటుంది. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు పూర్తి చేసి, విశాఖపట్నంలోని ఒక సంస్థలో పని చేస్తూ నేర్చుకునే అప్రెంటిస్‌గా ఎంపికైన ఒక కుర్రవాడు, అక్కడ నిలదొక్కుకునేదాకా గది అద్దెకూ భోజనానికీ సాయం చేయమని మనకు దరఖాస్తు పెట్టుకున్నాడు. డిగ్రీ కోర్సులో చేరినవారికే ఉపకార వేతనం ఇవ్వాలని మన నిబంధన చెబుతున్నందువల్ల ఆ దరఖాస్తును పక్కన పెట్టారు. ఆ మాట అతనికి ముందుగా ఎవరూ తెలియజేయలేదు. కొబ్బరి పీచు పనికి వెళ్లే అతని తల్లి ఆ రోజు కూలి మానుకుని వచ్చింది. చివరి పేరు పిలిచేదాకా ఎదురుచూసి, వేదిక దగ్గరకు వచ్చి మా కార్యవర్గ సభ్యులలో ఒకరిని అడిగింది: “మావోడి పేరు పిలవలేదేంటండీ? ఆడూ రెండేళ్లు చదివాడు కదండీ.” “రూల్స్‌లో లేదమ్మా” అన్న జవాబు విని, మారు మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఆ వేదిక మీద నేనూ ఉన్నాను. ఆ నిబంధన మారాలని కోరుతూ ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇదే సంఘం, ఆ సభకు కొద్ది నెలల ముందు, ఇక్కడి దీపావళి వేదిక మీద ఒక ఇంజనీరింగ్ సంస్థలో డిగ్రీ అప్రెంటిస్‌గా చేరిన మన సభ్యుల అమ్మాయికి శాలువా కప్పి సత్కరించింది. ఆ గౌరవానికి ఆ అమ్మాయి అన్ని విధాలా తగినది. ఇంగ్లండులో 2015లో మొదలైన ఆ పద్ధతిలో విద్యార్థి జీతం తీసుకుంటూనే పట్టా చదువుతాడు. ఫీజును సంస్థ, ప్రభుత్వం భరిస్తాయి. ఏడాదికి 30 లక్షల పౌండ్లు మించి జీతాలు చెల్లించే సంస్థలు ఆ మించిన మొత్తం మీద అర శాతాన్ని 2017 ఏప్రిల్ నుంచి అప్రెంటిస్‌షిప్ పన్నుగా కడుతున్నాయి. మొదటి ఏడాదిలో ఉన్న అప్రెంటిస్‌కు ఇవ్వవలసిన కనీస వేతనం 2025 ఏప్రిల్‌లో గంటకు 7.55 పౌండ్లు అయింది. ఇటువంటి చోట్ల మన పిల్లలను చేర్చడానికి మనమే దగ్గరుండి దరఖాస్తులు రాయిస్తాము, తెలిసినవారి చేత ఇంటర్వ్యూలకు తర్ఫీదు ఇప్పిస్తాము, సీటు వస్తే బంధువులందరికీ ఫోన్లు చేసి చెబుతాము. అదే దారిలో నడవబోతున్న కోనసీమ కుర్రవాణ్ణి మాత్రం విద్యార్థిగా లెక్కించము. ఈ రెండు కొలతలూ ఒకే సంఘానివి కావడం నాకు మింగుడుపడడం లేదు.

నేను ఆ దారిలో వచ్చినవాణ్ణే. పదో తరగతి తరువాత ఐటీఐలో ఫిట్టర్ చదివి, కాకినాడ తీరంలోని ఒక కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరాను. ఎదుర్లంక దగ్గర గోదావరి మీద అప్పటికి వంతెన లేదు. మా ఊరి నుంచి ముమ్మిడివరం వచ్చి, రేవులో పంటు ఎక్కి యానాంలో దిగి, అక్కడ మళ్లీ బస్సు పట్టుకోవాలి. సెలవుకు ఇంటికి వచ్చి, అమ్మ కట్టిచ్చిన బియ్యం, పచ్చడి సంచితో బయలుదేరితే, కాకినాడ జగన్నాథపురంలో ముగ్గురం కలిసి తీసుకున్న గదికి చేరేసరికి రాత్రయ్యేది. మాకు పని నేర్పిన ఫోర్‌మన్ గారు మొదట్లో ఏ యంత్రం దగ్గరికీ పోనివ్వలేదు. తలా ఒక ఇనుప దిమ్మ ఇచ్చి, ఆకురాయితో అరగదీసి పక్కపక్కనున్న ముఖాలన్నీ ఒకదానికొకటి లంబంగా వచ్చేలా చేయమన్నారు. మేము తీసుకెళ్లిన దిమ్మకు ట్రై స్క్వేర్ (మూలమట్టం) ఆనించి కిటికీకి ఎదురుగా పట్టుకునేవారు. అంచు కింద సన్నటి వెలుగు గీత కనిపిస్తే “మళ్లీ చెయ్యి నాయనా” అని తిరిగి ఇచ్చేవారు. ఆయన గొంతు పెంచడం నేను వినలేదు. అరచేతులు బొబ్బలెక్కి, దిమ్మ చిక్కిపోయి, ఎట్టకేలకు వెలుగు గీత మాయమైన రోజున ఆయన నన్ను పంపుల దగ్గరకు తీసుకెళ్లారు. మోటారు షాఫ్టునూ పంపు షాఫ్టునూ ఒకే వరుసలోకి ఎలా తేవాలో, బేరింగు చెడబోతున్నప్పుడు శబ్దం ఎలా మారుతుందో, షాఫ్టు చుట్టూ నీరు కారకుండా చుట్టే గ్లాండు ప్యాకింగును పూర్తిగా బిగించకుండా నీరు చుక్కలు చుక్కలుగా కారనిస్తేనే షాఫ్టు చల్లగా ఎందుకు ఉంటుందో అక్కడ నేర్చుకున్నాను. ఐటీఐలో పంపు బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న నేను, నడుస్తున్న పంపును ఆపి, విప్పి, మళ్లీ బిగించి నీళ్లు పోయించింది ఆయన పక్కన నిలబడే.

ఆయన వేరే విభాగానికి మారిన తరువాత సంగతులు తారుమారయ్యాయి. కాంట్రాక్టు కూలీలు రాని రోజుల్లో మా చేత లారీల నుంచి బస్తాలు దింపించి, హాజరు పుస్తకంలో శిక్షణ అని రాసేవారు. మేము సంతకాలు చేసిన ఒప్పందం నకలు మా చేతికి ఇవ్వలేదు కాబట్టి, అది తప్పని ఎవరికి చెప్పుకోవాలో కూడా మాకు తెలియలేదు. చివరకు అఖిల భారత ట్రేడ్ పరీక్షలో ఉత్తీర్ణుణ్ణయి జాతీయ ధ్రువపత్రం తీసుకున్నాను. ఆ కర్మాగారం మా జట్టులో ఒక్కరికే ఉద్యోగం ఇచ్చింది. ఆ ఒక్కరూ నేను కాదు. అయినా ఆ పత్రం, దాని వెనుక ఉన్న పని నన్ను గల్ఫ్‌లోని ఒక రిఫైనరీకీ, అక్కడి నుంచి ఈ దేశానికీ చేర్చాయి. కాబట్టి అప్రెంటిస్‌షిప్‌లోని మేలూ కీడూ రెండూ నాకు తెలుసునని, రెండింటినీ సమానంగా తూచి చెప్పగలనని అనుకుంటున్నాను.

మన డెల్టాలో పని నేర్చుకోవడానికి కాగితంతో అవసరం ఉండేది కాదు. రావులపాలెంలో లారీల షెడ్డులో, పాలకొల్లులో లేత్ దగ్గర, భీమవరంలో మోటార్లు రివైండింగ్ చేసే దుకాణంలో మేనల్లుణ్ణో, పక్కింటి కుర్రవాణ్ణో “పనిలో పెట్టడం” మన అందరికీ తెలిసిన అలవాటు. కుర్రవాడు మొదట పానాలు అందిస్తాడు, డీజిలుతో భాగాలు కడుగుతాడు, టీ తెస్తాడు. యజమాని ఇంట్లో మధ్యాహ్నం అన్నం, పండుగకు కొత్త బట్టలు, దసరాకు పనిముట్ల పూజలో తనకంటూ ఒక చోటు ఉంటాయి. తాళ్లరేవులో పడవలు కట్టేవారి నైపుణ్యం తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చినదే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది మొదలు కాలువల మీద లాకుల తలుపులను, తూములను నడిపించి డెల్టాకు నీరు పారిస్తున్నదీ ఇలా నేర్చిన చేతులే. ఈ అలవాటును వెట్టిచాకిరి అని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించలేను. బడి మానేసిన ఎందరో పిల్లలను ఆ షెడ్లే మనుషులుగా నిలబెట్టాయి. కానీ అక్కడ పని పూర్తిగా నేర్చిన కుర్రవాడు ఊరు దాటి మరో చోటికి వెళితే, తనకు వచ్చిన పనిని రుజువు చేయడానికి అతని దగ్గర ఏ పత్రమూ ఉండదు. చెయ్యి నలిగితే ఆసుపత్రి ఖర్చు యజమాని దయమీద ఆధారపడి ఉంటుంది.

1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఈ లోటును పూడ్చడానికి ఉద్దేశించినదే. నమోదైన ఒప్పందం ఉండాలి. శిక్షణలో గాయపడితే యజమాని పరిహారం చెల్లించాలి. అధికారి అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. 2019 మార్పుల తరువాత, 30 మంది అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. నలుగురి నుంచి 29 మంది వరకు ఉన్నవి ఇష్టమైతే తీసుకోవచ్చు. యజమాని, ఇద్దరు పనివారు ఉండే షెడ్డు ఈ లెక్కలోకి రానే రాదు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, పెద్ద రైసు మిల్లులు, కాకినాడ ఎరువుల కర్మాగారాలు, రాజమండ్రి కాగితపు మిల్లు, ఓఎన్‌జీసీ, ఆర్టీసీ డిపోలు, విశాఖలోని నౌకా నిర్మాణ కేంద్రాలు వస్తాయి. నమోదైన ఒప్పందంతో శిక్షణ దొరికే చోటు చాలావరకు పట్టణాల్లో ఉంది, పిల్లలు లంకల్లోనూ పల్లెల్లోనూ ఉన్నారు.

వెతకడం కష్టం కాదు, కానీ ఎవరో ఒకరు చెప్పాలి. ఐటీఐ పిల్లలు కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లోనూ, డిప్లొమా, డిగ్రీ వారు వారి కోసమే కేంద్రం నడిపే నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్‌లోనూ పేరు నమోదు చేసుకోవాలి. ఓఎన్‌జీసీ, రైల్వే వంటివి ప్రకటనలు ఇచ్చినప్పుడు రాత పరీక్ష పెట్టకుండా, అర్హత పరీక్షల మార్కులను బట్టి ఎంపిక చేస్తాయి; అందువల్ల పదో తరగతి మార్కులు కూడా లెక్కకు వస్తాయని తొమ్మిదో తరగతిలోనే పిల్లలకు తెలియాలి. సీటు ఇప్పిస్తామని డబ్బు అడిగే దళారిని ఇంటి గడప తొక్కనివ్వకూడదు.

దొరికిన చోటు మంచిదో కాదో తేల్చుకోవడం దీనికంటే కష్టం. ఏ కుటుంబమైనా నన్ను సలహా అడిగితే, స్టైపెండ్ ఎంత అన్న ప్రశ్నను చివరికి ఉంచమంటాను. ముందుగా, కిందటి ఏడాది అక్కడ చేసిన ఒక కుర్రవాణ్ణి వెతికి పట్టుకోవాలి. నీకు పని నేర్పినవారు ఎవరు, నువ్వు స్వయంగా విప్పి బిగించిన యంత్రం ఏది, వారంలో ఎన్ని రోజులు నీ ట్రేడుకు సంబంధం లేని పని చేశావు అని అడగాలి. నేర్పిన మనిషి పేరును అతను తడుముకోకుండా చెబితే ఆ చోటును నమ్మవచ్చు. ఆ తరువాత ఒప్పందం నకలు అడిగి తీసుకోవాలి. మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టవలసి రావచ్చు కాబట్టి, సంతకానికి ముందే దాన్ని చదివించుకోవాలి. చివర్లో ఇచ్చేది జాతీయ ధ్రువపత్రమా, సంస్థ తన లెటర్‌హెడ్ మీద రాసిచ్చే కాగితమా అన్నది తేల్చుకోవాలి.

“అంతా అయ్యాక ఉద్యోగం ఇస్తారా?” అని మన ట్రస్టీలు అడుగుతున్నారు. ఇవ్వాలన్న నిర్బంధం చట్టంలో లేదు, దాన్ని దాచిపెట్టనవసరం లేదు. అయితే మిగతా అర్హతలు సమానమైనప్పుడు, బయటి అభ్యర్థి కంటే శిక్షణ పొందిన అప్రెంటిస్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీం కోర్టు 1995లో ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కేసులో చెప్పింది. రైల్వే తన దగ్గర అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసినవారికి తొలి మెట్టు అయిన లెవెల్ 1 పోస్టుల్లో 20 శాతం కేటాయిస్తోంది. ఇంజనీరింగ్ పట్టా కూడా ఉద్యోగానికి హామీ కాదు. నాలుగేళ్లు చదివి, మళ్లీ అమీర్‌పేటలో కోర్సులకు డబ్బు కట్టి ఎదురుచూస్తున్న పిల్లలు మన బంధువుల ఇళ్లలోనే ఉన్నారు. వారికి ఉపకార వేతనం ఇచ్చేటప్పుడు ఈ ప్రశ్న మనం వేయలేదు.

డబ్బు లెక్క చూద్దాం. 2019 నిబంధనల్లో ఐటీఐ వారికి కనీస స్టైపెండ్ నెలకు 7,000, డిప్లొమా వారికి 8,000, పట్టభద్రులకు 9,000 రూపాయలు. దీన్ని 36 శాతం పెంచాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 2025 మేలో సిఫారసు చేసింది. ఇంటి నుంచి వెళ్లి వచ్చే పిల్లవాడికి ఆ డబ్బు అక్కరకు వస్తుంది. రాజోలు నుంచి విశాఖ వెళ్లే పిల్లవాడికి గది అడ్వాన్సు, అద్దె, మెస్సు పోగా మిగిలేది ఏమీ ఉండదు, పైగా మొదటి స్టైపెండ్ చేతికి అందేలోపే ఈ ఖర్చులన్నీ మీద పడతాయి. ఆడపిల్లల విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఎలక్ట్రీషియన్, ఎలక్ట్రానిక్స్ ట్రేడులు చదివిన అమ్మాయిలను తల్లిదండ్రులు దూరం పంపకపోవడానికి పెద్ద కారణం భద్రమైన వసతి దొరకకపోవడమే. పని కోసం కువైట్‌కు ఆడవారిని పంపడానికి వెనుకాడని మన ఊళ్లు, పక్క జిల్లాలో శిక్షణకు అమ్మాయిని పంపడానికి భయపడుతున్నాయంటే, ఆ భయాన్ని తీర్చడం మన చేతుల్లో ఉన్న పని.

నేను కోరుతున్నవి కొన్నే. డిగ్రీ కోర్సు అన్న మాటకు పక్కనే నమోదైన అప్రెంటిస్‌షిప్ అని కూడా నిబంధనలో చేర్చాలి. అప్రెంటిస్‌కు ఏడాది మొత్తానికి ఇవ్వనవసరం లేదు. మొదటి కొన్ని నెలల అద్దె, మెస్సు, ప్రమాద బీమా ఖర్చు ఇస్తే చాలు, అది ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి మనం ఇచ్చే మొత్తం కంటే తక్కువే అవుతుంది. కర్మాగారాల్లో పనిచేసి విశ్రాంతి తీసుకున్న సభ్యులు మనలో చాలామంది ఉన్నారు. వారు ఫోనులో ఒప్పందం చదివి చెప్పి, నెలకోసారి పిల్లవాడితో మాట్లాడి ఆ నెల ఏం నేర్చుకున్నాడో కనుక్కోవాలి. తీర్మానం ముసాయిదాను కార్యవర్గానికి అందజేశాను. సర్వసభ్య సమావేశంలో దయచేసి దానికి మద్దతు ఇవ్వండి. ఇంకొక విన్నపం సభ్యులకు విడిగా చేస్తున్నాను. కాకినాడ, రాజమండ్రి, విశాఖలలో మనం కొనిపెట్టి, ఏడాది పొడవునా తాళం వేసి ఉంచిన ఫ్లాట్లు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని ఇద్దరు ముగ్గురు అప్రెంటిస్‌లకు, కుదిరితే ఒకదాన్ని అమ్మాయిలకే ప్రత్యేకంగా, కరెంటు బిల్లు మాత్రం వారిని కట్టుకోమని ఏడాదిపాటు ఇవ్వగలవారు, వేసవిలో ఐటీఐ పరీక్షలు ముగిసేలోగా కార్యవర్గానికి తమ పేరు తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.