ట్యాంకు వంద శాతం నిండింది

మా డాబా మీద వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు ఉంది. అది నిండిన సంగతి ఇన్నేళ్లూ పక్కింటి పిన్నిగారే చెప్పేవారు. ఓవర్‌ఫ్లో పైపు నీళ్లు వాళ్ల సందులో పడగానే "మోటారు కట్టేయండర్రా!" అని ఒక్క కేక. వైఫై అక్కర్లేదు, పాస్‌వర్డ్ లేదు, పైసా ఖర్చు లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉన్న ఇంట్లో ఇంత వెనకబాటుతనమా అని నాకు నామోషీ వేసింది. ట్యాంకు ఎంత నిండిందో ఫోన్‌లోనే కనిపించేట్టు చేద్దామనుకున్నాను.

ఈ విద్యలో నాకు పెద్దలున్నారు. 1991లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటర్ ల్యాబులో మెట్లన్నీ ఎక్కి దిగి వెళ్తే కాఫీ కుండ ఖాళీగా ఉంటోందని, దాని ఎదురుగా కెమెరా పెట్టి బొమ్మను నెట్‌వర్క్‌లోకి ఎక్కించారు. 1993లో అది వెబ్‌లోకి వచ్చింది. ప్రపంచమంతా ఆ కుండను చూసింది. నింపడానికి మాత్రం మనిషే లేవాల్సి వచ్చేది.

నేనూ ట్యాంకు మూతకి అల్ట్రాసోనిక్ సెన్సర్ బిగించాను. అది పంపిన శబ్దం నీటిని తాకి తిరిగొచ్చేసరికి ఎన్ని మైక్రోసెకన్లయితే, దాన్ని 58తో భాగిస్తే సెంటీమీటర్లు. పక్కనే బొటనవేలంత వైఫై కంప్యూటర్, ఈఎస్‌పీ8266 బోర్డు. అందులో నా సర్వర్, అంటే అడిగితే జవాబిచ్చే ప్రోగ్రాము, వెబ్ వాకిలి లాంటి పోర్టు 80 దగ్గర కూర్చుని, అడిగినవాళ్లకి "200 ఓకే" అని శాతం చెబుతుంది. నలభై లైన్ల కోడ్, మూడు ఆదివారాలు.

నాలుగో ఆదివారం నాన్న మొహం నిండా సబ్బుతో బాత్‌రూమ్ తలుపు సందులోంచి "ఒరేయ్, నీళ్లు రావట్లేదు!" అన్నారు.

"వంద శాతం ఉన్నాయి నాన్నా, కావాలంటే చూడండి" అని ఫోన్ చూపించాను. ఆయన కళ్లు తెరవలేదు.

జరిగిందేమిటంటే, సెన్సర్ మీద చెమ్మ పట్టింది. ప్రతిధ్వని రాకపోతే ప్రోగ్రాముకి సున్నా అందుతుంది. సున్నా దూరం అంటే నీళ్లు మూతదాకా ఉన్నట్టే కదా! "200 ఓకే" అంటే అడిగినదానికి జవాబిచ్చానని మాత్రమే. నీళ్లున్నాయని సర్వర్ ఎప్పుడూ మాటివ్వలేదు. ఫిర్యాదు తీసుకున్నామని వచ్చే ఎస్సెమ్మెస్ కూడా ఇదే జాతి.

సున్నా వస్తే "తెలియదు" అని చెప్పేట్టు మార్చాను. ఇంట్లో ఈ నిజాయితీని ఎవరూ మెచ్చుకోలేదు.

మొన్న కరెంటు పోయి వచ్చింది. రౌటర్ మా ట్యాంకుకి కొత్త ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో కొత్త ఇంటి నంబరు, ఇచ్చింది. నేను మోటారు వేసి, పాత అడ్రస్‌లో సర్వర్ కోసం అరగంట వెతుకుతున్నాను. గోడ అవతల్నుంచి కేక వినిపించింది.

"అబ్బాయ్! మీ సర్వర్ మా సందులో కారుతోంది, కట్టేయ్!"