వేలికొన నెత్తుటి బొట్టు గారికి

అయ్యా బొట్టు గారూ,

మీరున్నదే ఇంత. రక్తహీనత సర్వేలో హిమోగ్లోబిన్ కొలిచే మిషన్‌కి పది మైక్రోలీటర్లు చాలు. కానీ దేశం తినే తిండి గురించి మీ మాటే వేదం. అందుకే శ్రీకాకుళం జిల్లా నుంచి ఈ ఉత్తరం.

తమరు వెలువడే పద్ధతి ఒకటుంది. వేలిని స్పిరిట్‌తో తుడిచి, ఆ తడి పూర్తిగా ఆరనివ్వాలి. వేలికొనకి కాస్త పక్కవాటుగా పొడవాలి. మొదటి రెండు బొట్లూ పొడి దూదితో తుడిచేసి మూడోదాన్ని పట్టాలి. క్యూవెట్, అంటే మిమ్మల్ని పీల్చుకునే చిన్న ప్లాస్టిక్ బిళ్ళ, ఒక్క పీల్పులో, గాలి బుడగ లేకుండా నిండాలి. డబ్బా మూత వెంటనే బిగించకపోతే చెమ్మ తగిలి మిగతా క్యూవెట్లూ చెడతాయి.

ఇదంతా శిక్షణ తరగతిలో. పలాస రండి. జీడిపిక్కలు ఒలిచి ఒలిచి, ఆ రసానికి తోలు మాడి మొద్దుబారిన వేళ్ళు. సూది పైపైనే ఆగిపోతుంది, తమరు రారు. ఇంకా బోలెడు ఇళ్ళు తిరగాలి కదా, వేలు పట్టుకుని పిండుతారు. పిండితే మీతోపాటు కండలోని నీరూ దిగుతుంది. డెసిలీటరుకి 12.2 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న మనిషికి మిషను 11.7 చూపిస్తుంది. గర్భిణి కాని స్త్రీకి గీత 12 దగ్గర. ఇంకేముంది, ఆవిడ ఆ పూట నుంచి రక్తహీనురాలు!

పిల్లల లెక్క మరీ చోద్యం. కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆర్నెల్లు నిండి అయిదేళ్ళలోపు వారిలో రక్తహీనత 2015-16లో 58.6 శాతం, 2019-21లో 67.1. మధ్యలో, 2016-18లో, చేతి నరం నుంచి రక్తం తీసి చూసిన సమగ్ర పోషణ సర్వేకి ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో దొరికింది 41 శాతమే. ఏడాది నిండని పసివాళ్ళు అందులో లేరు, నిజమే. వాళ్ళొక్కరి వల్లే ఇంత తేడా రాదు లెండి.

పైగా రక్తం ఎంత తక్కువో చెప్తారు గానీ ఎందుకు తక్కువో తమరు చెప్పరు. ఇనుము చాలకా, బి12 చాలకా, పేగుల్లో నెత్తురు తాగే కొంకి పురుగులా, మన్యం మలేరియానా, ఎర్రకణాల వంశపు జబ్బు సికిల్ సెల్లా? 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి జవాబొచ్చింది: 2024 కల్లా సర్కారు బియ్యమంతా బలవర్ధకమే. నూటికో గింజ పోషకాలు దట్టించి చేసింది కలుపుతారు; కలిపిన బియ్యంలో కిలోకి 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12. పురుగులకీ మలేరియాకీ గింజ తయారు కాలేదు.

అంకె 67కి ఎక్కాక తమరు నమ్మదగినవారు కారని తేలింది. తర్వాతి సర్వేలో మిమ్మల్ని పిలవనే లేదు. నరం నుంచి తీసిందే మేలని 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థా అంది, కాదనం. బియ్యం ఫైలు మాత్రం అప్పటికీ మిమ్మల్ని నమ్ముతూనే ఉంది. ఆ ఏడే అక్టోబరులో ఆ బియ్యం పథకాన్ని 2028 డిసెంబరు దాకా పొడిగించారు.

ఇక్కడేమో చేట పట్టిన ఆడవాళ్ళు, రంగు తేడాగా కనబడ్డ ఆ నూటికో గింజని "ఇయ్యి పిలాస్టిక్కు బియ్యమే" అని ఏరి పెరట్లోకి విసిరేస్తున్నారు. వచ్చే సర్వేలో కోళ్ళకీ ఓ బొట్టు తీయించండి.