24 వారాల గీత అందరికీ ఒకటేనా?

2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒకే గర్భం విషయంలో వారం రోజుల్లో మూడు రకాలుగా మాట్లాడింది. ఆ గర్భిణి ఇద్దరు పిల్లల తల్లి. రెండో కాన్పు తర్వాత వచ్చిన మానసిక వ్యాధికి మందులు వాడుతోంది. పాలిచ్చే రోజులు కావడంతో నెలసరి రాకపోయినా అనుమానం కలగలేదు. విషయం తెలిసి కోర్టు మెట్లెక్కేసరికి గర్భస్రావానికి చట్టం పెట్టిన 24 వారాల గడువు దాటింది. అక్టోబరు 9న జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ నాగరత్నల ధర్మాసనం గర్భస్రావానికి అనుమతించింది. పిండం బయటికొస్తే బతికే దశలో ఉందని, ముందే గుండె ఆపాలా అని ఎయిమ్స్ వైద్యుల్లో ఒకరు అడిగారు. దాంతో 11న ఆ ఇద్దరు న్యాయమూర్తుల అభిప్రాయాలూ వేరయ్యాయి. 16న జస్టిస్ చంద్రచూడ్ నేతృత్వంలోని ముగ్గురు సభ్యుల ధర్మాసనం కుదరదని తేల్చింది. ప్రసవం ఎయిమ్స్‌లోనే, ఖర్చు ప్రభుత్వానిది, కావాలంటే బిడ్డను దత్తతకు ఇవ్వవచ్చు అంది.

డాక్టర్ అడిగిన ప్రశ్నను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. తీర్పు రాసేది ఎవరైనా, ఆ పని చేతులతో చేయాల్సింది డాక్టరే. ఆరు నెలలు దాటిన పిండం గురించి మాట్లాడేటప్పుడు మాట తడబడటం సహజం.

మా అభ్యంతరం కోర్టు చూపిన కారణంతో. తల్లి ప్రాణానికి తక్షణ ముప్పు లేదు, పిండంలో లోపం లేదు కాబట్టి అనుమతి లేదన్నారు. అంటే లోపం ఉంటే ఇవ్వవచ్చన్నమాట. నిజమే, గర్భస్రావ చట్టానికి చేసిన 2021 సవరణ ప్రకారం పిండంలో తీవ్ర లోపాలున్నాయని మెడికల్ బోర్డు తేలిస్తే వారాల లెక్కే లేదు. 30వ వారంలోనైనా గుండె ఆపవచ్చు. కడుపులోని ప్రాణాన్ని తీయరాదన్నదే సూత్రమైతే, అవయవ లోపమున్న ప్రాణానికి అది ఎందుకు వర్తించదు? ఈ తేడా చూసి వికలాంగుల మనసు నొచ్చుకుంటే తప్పు వారిది కాదు. చట్టం ఇక్కడ కాపాడుతున్నది ప్రాణాన్ని కాదు, ఆరోగ్యంగా ఉన్న పిండాన్ని. తల్లి మనసు ఎంత దెబ్బతిన్నా ఆ లెక్కలోకి రాదు.

చంపడం ఎప్పుడు సమర్థనీయమన్న దానిపై మన శిక్షాస్మృతి అంత అమాయకంగా ఏమీ లేదు. తల్లి గర్భంలోని శిశువు మరణం నరహత్య కిందికి రాదని బ్రిటిష్ కాలం నుంచీ అంటోంది; ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 100వ సెక్షన్ వివరణలోనూ అదే ఉంది. కానీ గర్భస్రావం 88వ సెక్షన్ కింద నేరమే, చేయించుకున్న స్త్రీకి కూడా. 1971 నాటి గర్భస్రావ చట్టం ఇచ్చింది మినహాయింపు మాత్రమే. ఇక ఆత్మరక్షణలో ఎదిగిన మనిషిని చంపడానికి ప్రాణభయమే ఉండనక్కర్లేదు, తీవ్రంగా గాయపడతామన్న భయం చాలు. పిండం దాడి చేసే శత్రువు కాదు, కాబట్టి ఈ పోలికను ఇంతకు మించి లాగకూడదు. అయినా, ప్రాణం పోయే పరిస్థితి తప్ప ఇంకే కారణమూ చెల్లదని మన చట్టం అన్నిచోట్లా అనడం లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. 20 వారాల వరకూ అందరికీ, అత్యాచార బాధితులు, మైనర్ల వంటి కొన్ని వర్గాలకు 24 వారాల వరకూ, మానసిక ఆరోగ్యానికి తీవ్ర హాని కూడా గర్భస్రావానికి కారణమే. మర్నాటి నుంచి కాదు. ఆ ఒక్క రాత్రిలో జబ్బు నయమైపోతుందా?

ఆలస్యంగా వచ్చేది ఎక్కువగా ఇంట్లో చెప్పుకోలేని బాలికలు, అత్యాచార బాధితులు, దగ్గర్లో స్కానింగ్ లేని పేదలు. 24 వారాల తర్వాత కూడా తల్లికి కలిగే తీవ్ర హానిని బోర్డు పరిశీలించి, కోర్టు ప్రమేయం లేకుండా రోజుల్లో తేల్చేలా పార్లమెంటు చట్టాన్ని మార్చాలి.

అంతవరకూ ఆగనక్కర్లేని పని ఒకటుంది. బోర్డులో స్త్రీ వైద్య నిపుణులు, పిల్లల డాక్టర్, స్కానింగ్ నిపుణులు ఉండాలని చట్టం పేర్కొంది. మానసిక వైద్యుల ఊసు లేదు. మిగతా సభ్యులను రాష్ట్ర ప్రభుత్వాలే నోటిఫై చేసుకోవచ్చు. హైదరాబాద్, అమరావతి తలచుకుంటే ఒక్క జీవోతో ప్రతి బోర్డులోనూ సైకియాట్రిస్టును కూర్చోబెట్టవచ్చు.