కడుపు ఆయకట్టుకి వంతుల్లేవట!

1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి వెళ్ళాడు, అప్పట్నుంచీ మా డెల్టాలో కాలవ మొదట్లో ఉన్నోడికి నీళ్ళు, శివారోడికి హామీలు. దాళ్వా (రెండో పంట) వచ్చిందంటే వంతులు, వంతులొచ్చాయంటే తగువులు. అలాంటి నేల మీద పుట్టిన మనిషి పొట్టకి మాత్రం లోపల రక్తం సరఫరాలో ఎంత రాజభోగమో తెలిస్తే ఒళ్ళు మండుద్ది.

గుండె నించి వచ్చే పెద్ద రక్తనాళం బృహద్ధమని, ఛాతీకీ కడుపుకీ మధ్యనున్న డయాఫ్రం పొర దాటి దిగగానే సీలియక్ ట్రంక్ అని ఓ హెడ్ రెగ్యులేటర్ (కాలవల మొదటి గేటు) లాంటి ధమని, పొడవు చూస్తే 1-2 సెంటీమీటర్లే. మనకి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలున్నట్టే దానికీ మూడు కాలవలు: లెఫ్ట్ గ్యాస్ట్రిక్ నేరుగా పొట్టకి, కామన్ హెపాటిక్ లివర్ వైపు, స్ప్లీనిక్ ప్లీహం వైపు. ఆ స్ప్లీనిక్ మెలికలు చూస్తే ఎవరి పొలం తప్పించడానికి అలా తిప్పారో విచారణ వెయ్యాలనిపిస్తది.

అసలు అన్యాయం ఇక్కడ. పొట్ట చిన్న వంపుకి లెఫ్ట్ గ్యాస్ట్రిక్ పైనుంచి వస్తుంటే హెపాటిక్ వైపు నించి రైట్ గ్యాస్ట్రిక్ ఎదురొచ్చి కలుస్తది, పెద్ద వంపుకి గ్యాస్ట్రోఎపిప్లోయిక్ అనే ధమనులు రెండు చెరో కొస నించీ వచ్చి కలుస్తాయి, అంటే ఓ పక్క కట్టేసినా సాధారణంగా రెండో పక్క నించి అందేస్తది, కాలవ గేట్లు చూసే లస్కర్ని బతిమాలక్కర్లేదు, నీటి సంఘం ఎన్నికల్లేవు! పైగా రైట్ గ్యాస్ట్రోఎపిప్లోయిక్‌ని గుండె బైపాస్‌కి కూడా మళ్ళిస్తారు. పక్కూరికి ఓ తూము ఇమ్మంటే మనం కర్రలు తీస్తాం.

అయితే అక్కడా ఓ శివారు ఉందండోయ్. పొట్ట పైభాగం, ఫండస్ అంటారు, దానికి స్ప్లీనిక్ నించి షార్ట్ గ్యాస్ట్రిక్స్ అని సన్న పిల్లకాలవలే దిక్కు, వాటికి పక్కవాటితో కలయిక అంతంతమాత్రం, స్ప్లీనిక్ మూసుకుపోతే ముందు ఎండేది అదే. చదివాక కొంచెం మనశ్శాంతి కలిగింది, అబద్ధమెందుకు.

ఇంత సదుపాయం పెట్టి ఇస్తే ఆసామి ఏం చేస్తాడు? సంక్రాంతికి అత్తారింట్లో పీకల్దాకా తిని, మోకాళ్ళ నొప్పులని మెడికల్ షాపులో అట్టలకి అట్టలు మాత్రలు కొని పరగడుపున మింగుతాడు. వాటి దెబ్బకి చిన్నపేగు మొదట్లో వెనకపక్కన అల్సర్ పడి లోతుకి తవ్విందా, సరిగ్గా దాని వెనకే పోతున్న గ్యాస్ట్రోడుయోడినల్ ధమనికి గండి పడ్డట్టే. రక్తం కక్కినా, విరేచనం తారులా నల్లగా అయినా ఇసక బస్తాలకీ, ఎమ్మెల్యే పరామర్శకీ ఆగే గండి కాదది, వెంటనే పెద్దాసుపత్రికి పరిగెత్తాల్సిందే. మనోడు మాత్రం ముందు సోడా తాగి చూద్దామంటాడు.